సోల్: మూడక్షరాల సూర్యుడితో ఒక క్లూ తయారీ

నక్షత్రానికి లాటిన్ పేరు, మూడు గళ్ళు. ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్‌లో ఇలాంటి ఆధారం ఎదురైతే చాలామంది మనసు ముందు రాత్రి ఆకాశంలోకి వెళ్తుంది. మనం మఘ అనే చుక్కను రెగ్యులస్ అంటారు, అంటే చిన్న రాజు. మన చిత్త వాళ్ళకు స్పైకా, ధాన్యపు కంకి. బ్రహ్మహృదయం కపెల్లా, చిన్న మేక. అన్నీ లాటిన్ పేర్లే, ఏదీ మూడు గళ్ళలో ఇమడదు. అక్కడ చిక్కుకుని కాసేపు తిరిగాక పగలు కనిపించే నక్షత్రం గుర్తుకొస్తుంది. సూర్యుడూ నక్షత్రమే. లాటిన్‌లో ఆయన పేరు సోల్. ఎస్, ఓ, ఎల్.

ఈ చిన్న మాటకున్నన్ని అర్థాలు ఇంగ్లిష్ నిఘంటువులో చాలా పెద్ద మాటలకు కూడా లేవు. సూర్యుడు, పెరూ దేశపు డబ్బు, సంగీతంలో ఒక స్వరం, అంగారకుడి మీద ఒక రోజు, రసాయనశాలలో ఒక ద్రవం, రసవాదుల బంగారం. గడి కూర్చేవాళ్ళకు ఇలాంటి మాట దొరకడం పండగ. అయితే అర్థాలు ఎక్కువున్నాయి కదా అని ఏదో ఒకటి తీసి వాడేస్తే మంచి క్లూ పుట్టదు. ఏ అర్థాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్న ఎంపికలోనే కూర్పరి పనితనమంతా ఉందని నేను నమ్ముతాను. అందుకే ఒక్క క్లూను మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ కూర్చి చూపిస్తాను.

గడిలోకి మాట వచ్చాక

క్రాస్‌వర్డ్ వయసు నూరేళ్ళు దాటింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం సంచికలో ఆర్థర్ విన్ అనే ఉద్యోగి వజ్రం ఆకారంలో తొలి గడి వేశాడు. అందులో ఆధారాలు సూటిగా ఉండేవి, అర్థం చెప్తే మాట రాయాలి. ఆట ఇంగ్లండు చేరాకే మలుపు తిరిగింది. 1926లో అబ్జర్వర్ పత్రికలో టోర్క్వెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ కూర్చిన గడులు మొదలయ్యాయి. వాటిలో ప్రతి ఆధారం పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాచేది. క్రిప్టిక్ అనే పద్ధతి అలా స్థిరపడింది. 1930 ఫిబ్రవరి 1న టైమ్స్ పత్రిక కూడా క్రాస్‌వర్డ్ ప్రారంభించింది. మన దగ్గర హిందూ పత్రికలో వచ్చేది ఈ క్రిప్టిక్ గడే. నౌకాదళాధిపతి అయిన తొలి భారతీయుడు అడ్మిరల్ రామ్‌దాస్ కటారి పదవీ విరమణ తర్వాత ఆ పత్రికకు గడులు కూర్చారు. 1983లో కన్నుమూసే వరకు ఆ పని మానలేదు.

దినపత్రిక గడి సాధారణంగా అడ్డం 15, నిలువు 15 గళ్ళు. నల్లగళ్ళ అమరికను తలకిందులు చేసి చూసినా అదే కనిపించాలి. కూర్పరి ముందు మాటలు నింపుతారు, ఆధారాలు ఆ తర్వాతే రాస్తారు. పూరించేవాళ్ళు నడిచే దారికి ఇది సరిగ్గా ఎదురు. నింపుతున్నప్పుడు ఒక మూల ఐ, ఒకచోట ఎల్, చివర టీ కుదిరాయనుకోండి, వాటి మీదుగా పోయే మాటగా ఇన్సొలెంట్ దొరికింది. ఐ-ఎన్-ఎస్-ఓ-ఎల్-ఈ-ఎన్-టీ, ఎనిమిది అక్షరాలు. పెద్దంతరం చిన్నంతరం లేని పొగరు అని అర్థం.

ఇప్పుడు మాటను విరిచి చూడాలి. ఇన్, సో, లెంట్ అని మూడు మామూలు మాటలుగా విరుగుతుంది. చివరిదానికి అప్పిచ్చిన అనీ, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస కాలమనీ రెండర్థాలున్నాయి. ఇది సులువైన దారి, చాలామంది నడిచిన దారి. ఇంకోలా విరిస్తే ఇన్, సోల్, ఈఎన్‌టీ. చెవి, ముక్కు, గొంతు విభాగం పేరు మన ఊళ్ళలో ఆసుపత్రి బోర్డు మీద రోజూ చూసేదే. మధ్యలో సూర్యుడు కూర్చున్నాడు. నేను ఈ రెండోదాన్నే తీసుకుంటాను.

సోల్‌కున్న ముఖాలు

ముక్కలు దొరికాక ఒక కాగితం మీద మధ్య ముక్కకున్న అర్థాలన్నీ రాసుకోవడం తర్వాతి పని. గుర్తున్నవి రాసి ఊరుకోకూడదు, నిఘంటువు తీయాలి. బ్రిటిష్ కూర్పరులకు చేంబర్స్ నిఘంటువు పెద్ద దిక్కు.

లాటిన్ సూర్యుడి దగ్గర మొదలుపెడదాం. సోలార్, సోల్‌స్టిస్, సోలారియం అన్నీ ఆయన సంతానమే. సోల్‌స్టిస్ అంటే సూర్యుడు నిలవడం. ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూ పోయిన సూర్యుడు వెనుదిరిగే ముందు ఆగినట్టు కనిపించే రోజు అది. రోమ్‌లో క్రీ.శ. 274లో ఆరీలియన్ చక్రవర్తి సోల్ ఇన్విక్టస్, అంటే అజేయ సూర్యుడి పూజను రాజ్యపు పూజగా నిలబెట్టాడు. స్పానిష్‌లో ఈనాటికీ సూర్యుడు సోలే. మాడ్రిడ్ నడిబొడ్డున ఉన్న కూడలి పేరు పుయెర్తా దెల్ సోల్, సూర్యద్వారం. నార్వే, ఐస్‌లాండ్ పురాణాల్లో కూడా సోల్ ఉంది, అయితే అక్కడ ఆవిడ దేవత. రెండు గుర్రాల రథం మీద ఆకాశంలో పరుగెడుతుంటే స్కోల్ అనే తోడేలు వెంట తరుముతుంది. ఏడు గుర్రాల రథం తెలిసిన మనకు ఆ కథ కొత్తగా అనిపించదు.

పెరూ డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. 1863లో ఆ దేశం సోల్ అనే నాణేన్ని తెచ్చింది. ఈ పేరుకు మూలం రోమన్ల బంగారు నాణెం సాలిడస్. స్పానిష్‌లో సూర్యుడి పేరూ అదే కావడంతో రెండూ కలిసిపోయాయి. ధరలు విపరీతంగా పెరిగి సోల్ విలువ పడిపోయాక 1985లో దాన్ని తీసి ఇంతి అనే కొత్త డబ్బు పెట్టారు. వెయ్యి సోళ్ళకు ఒక ఇంతి. ఇంతి అంటే ఇంకా జాతి భాష కెచువాలో సూర్యుడు. స్పానిష్ సూర్యుడు దిగిపోయి ఇంకా సూర్యుడు ఎక్కాడన్నమాట. ఆ సూర్యుడు ఆరేళ్ళే నిలిచాడు. 1991లో పది లక్షల ఇంతిలకు ఒక కొత్త సోల్ వచ్చింది. 2015 డిసెంబరులో పేరులోంచి కొత్త అన్న మాట తీసేసి మళ్ళీ సోల్ అనే ఖాయం చేశారు. కూర్పరికి ఈ చరిత్ర అవసరం. పెరూ డబ్బు అంటే సోల్, పెరూ పాత డబ్బు అంటే ఇంతి. పాత అన్న ఒక్క మాట వేసినా తీసినా జవాబే మారిపోతుంది.

సంగీతంలోకి వస్తే డో, రే, మీ, ఫా, సోల్, లా. పదకొండో శతాబ్దంలో ఇటలీలోని గ్విదో దారెజ్జో అనే సన్యాసి శిష్యులకు పాట నేర్పడానికి ఈ పద్ధతి తెచ్చాడు. స్నాపకుడైన యోహానును స్తుతించే ఒక లాటిన్ కీర్తనలో ఒక్కో పాదం ఒక్కో మెట్టు పైన మొదలవుతుంది. పాదాల మొదటి అక్షరాలే స్వరాల పేర్లయ్యాయి. సోల్ అక్కడ సోల్వే అనే మాటకు మొదటి ముక్క. విడిపించు, కడిగెయ్యి అన్న అర్థం దానిది. సూర్యుడితో చుట్టరికమే లేదు. డో మన షడ్జమం అనుకుంటే సోల్ మన పంచమం.

అంగారకుడి రోజు ఈ కుటుంబంలో అందరికన్నా చిన్నది. 1976లో వైకింగ్ నౌకలు అక్కడ దిగినప్పుడు అక్కడి రోజుకూ మన రోజుకూ తేడా చూపడానికి సోల్ అనే మాట వాడారు. ఒక సోల్ 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అప్పటి నుంచి అంగారకుడి మీద దిగిన ప్రతి యంత్రానికీ లెక్క సోళ్ళలోనే. ద మార్షియన్ నవలలో అక్కడ ఒంటరిగా మిగిలిన వ్యోమగామి దినచర్య రాసుకునేది కూడా ఈ లెక్కలోనే. ఆ నవల, 2015లో వచ్చిన సినిమా ఈ అర్థాన్ని మామూలు పాఠకుల దాకా తెచ్చాయి. క్లూలో అంగారకుడి మీద ఒక రోజు అన్నప్పుడు ఖగోళశాస్త్రం చదవనివాళ్ళకు కూడా ఇప్పుడు తట్టే అవకాశం ఉంది. కూర్పరి ఒక అర్థాన్ని ఎంచుకునేటప్పుడు నిఘంటువులో ఉందా అని ఒక్కటే చూస్తే చాలదు. దినపత్రిక తెరిచి కూర్చున్న మనిషికి ఆ అర్థం దగ్గరికి చేరే దారి ఉందా అని కూడా చూడాలి.

రసాయనశాస్త్రంలో సోల్ అంటే ఘనపదార్థం కరగకుండా అతిసూక్ష్మమైన రేణువులుగా తేలే ద్రవం. కొల్లాయిడ్ అన్న పేరును స్కాట్లండు శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో పెట్టాడు, సోల్ దానిలో ఒక రకం, జెల్ మరో రకం. ఇక్కడ సోల్ అనేది సొల్యూషన్ అన్న మాటకు తల. దీనికీ సూర్యుడితో పోలిక లేదు. కానీ నాకు ఇష్టమైన ఒక కలయిక ఇక్కడే ఉంది. 1857లో మైకేల్ ఫారడే బంగారాన్ని నీటిలో సూక్ష్మ రేణువులుగా తేలేలా చేసి కెంపు రంగు ద్రవం తయారుచేశాడు. నేటి భాషలో అది బంగారపు సోల్. పాతకాలపు రసవాదులు ఏడు లోహాలను ఏడు గ్రహాలకు అంటగట్టినప్పుడు బంగారానికి పెట్టిన పేరు సోల్, వెండికి లూనా. ఇంగ్లండు రాజుల కుటుంబ చిహ్నాలను గ్రహాల పేర్లతో వర్ణించే పద్ధతిలో కూడా బంగారు రంగును సోల్ అనేవారు. అంటే బంగారంతో చేసిన సోల్‌కు బంగారమనే పేరే ఉంది. ఇంకో తరం కూర్పరి ఎవరైనా ఈ రెండింటినీ ఒక క్లూలో కలిపితే చదవాలని ఉంది.

సొలొమన్‌కు ముద్దుపేరు సోల్. విప్లవానికి ముందు ఫ్రాన్సులో ఒక లీవ్రుకు ఇరవై సోళ్ళు. స్క్రాబుల్ పలక మీద ఈ మాటకు మూడు మార్కులే, అయినా వెనక ఏ, డీ, ఈ, ఐ, ఓ, ఎస్ ఏది తగిలించినా ఇంకో మాట అవుతుంది. వాటిలో సోలా మనకు చుట్టం. దొరలు ఎండకు పెట్టుకున్న సోలా టోపీ, చెరువుల్లో పెరిగే బెండు మొక్క లోపలి తెల్లని బెండుతో చేసేది.

వేరు చూసి ఎంచుకోవడం

కాగితం నిండాక చేయాల్సిన పనిని కొత్తవాళ్ళు తరచుగా దాటేస్తారు. జవాబు మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూడాలి. పారాసోల్ అంటే ఎండకు పట్టే గొడుగు, అందులో సోల్ నిజంగా సూర్యుడే. ఇటాలియన్‌లో ఎండను ఆపేది అని అర్థం. ఈ మాటకు క్లూ రాస్తూ చివరి ముక్కకు సూర్యుడు అని సూచన ఇస్తే దాచింది ఏమీ లేదు. ఉన్న వేరునే తవ్వి చూపినట్టవుతుంది. అక్కడ పెరూ డబ్బో అంగారకుడి రోజో వాడాలి. మొదటి ముక్క పారా, పారాచూట్ సైనికుడికి పొట్టిపేరు. సైనికుడికి అంగారకుడి మీద ఒక రోజు జోడిస్తే నీడ దొరుకుతుంది. మార్స్ యుద్ధదేవుడి పేరు కూడా కావడంతో ఆ వాక్యం చదవడానికే బాగుంటుంది.

సోల్జర్ మాట దీనికి తిరగేసిన ఉదాహరణ. దాని వేరు సాలిడస్ నాణెం, జీతం తీసుకుని పోరాడేవాడు అని. పెరూ డబ్బుకూ వేరు ఆ నాణెమే. కాబట్టి అక్కడ డబ్బు పనికిరాదు, సూర్యుడు పనికొస్తాడు. సోలేస్ అంటే ఓదార్పు, దాని వేరు ఓదార్చు అనే లాటిన్ క్రియ, అక్కడ ఏదైనా వాడుకోవచ్చు.

మన ఇన్సొలెంట్ సంగతి? లాటిన్‌లో అలవాటు లేని, మర్యాద తప్పిన అన్న అర్థం నుంచి వచ్చింది. సూర్యుడు లేడు, డబ్బు లేదు, స్వరం లేదు. సోల్ ముఖాల్లో ఏది తెచ్చి పెట్టినా కొత్తదే. ఇలాంటి స్వేచ్ఛ దొరికిన మాట మీద ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు.

ఒక జాగ్రత్త. ఒకే గడిలో పారాసోల్, ఇన్సొలెంట్ రెండూ ఉంటే సోల్‌ను రెండుచోట్లా విరవకూడదు. ఒకటి పూరించినవాళ్ళకు రెండోది ఊరికే వచ్చేస్తుంది. రెండోదానికి ఇన్, సో, లెంట్ దారి పట్టాలి.

వాక్యం అల్లడం

క్రిప్టిక్ ఆధారంలో ఒక చివర జవాబుకు నేరైన అర్థం ఉండాలి. మిగతాది ముక్కలు ఎలా అతకాలో చెప్పాలి. ఈ రెండూ కలిసి పైకి ఒక సహజమైన వాక్యంలా చదవబడాలి. అనవసరమైన మాట ఒక్కటి ఉండకూడదు. ఈ నియమాలను గట్టిగా కట్టినవాడు జిమెనీస్ అనే మారుపేరుతో రాసిన డెరిక్ మెక్‌నట్. లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పే బడిపంతులు. ఆయన పుస్తకం 1966లో వచ్చింది. టోర్క్వెమాడా, జిమెనీస్ ఇద్దరూ స్పెయిన్‌లో మతవిచారణ చేసిన అధికారుల పేర్లు తగిలించుకున్నారు. పేర్లు క్రూరమైనవే గాని, జిమెనీస్ పట్టుబట్టింది పూరించేవాళ్ళ పక్షాన. జవాబు దొరికిన మనిషి మరొకరిని అడగక్కర్లేకుండా ఇది తప్ప ఇంకోటి కాదు అనగలగాలి.

మొదటి ముక్క ఇన్‌కు పాపులర్ అని సూచన ఇవ్వవచ్చు, ఇప్పుడు ఫ్యాషన్లో ఉన్నది అన్న అర్థంలో. ఇంట్లో ఉన్నారు, బ్యాటింగ్ చేస్తున్నారు, అధికారంలో ఉన్నారు అన్న అర్థాలూ ఉన్నాయి. సోల్‌కు స్టార్. ఈఎన్‌టీకి హాస్పిటల్ డిపార్ట్‌మెంట్. పాపులర్ పక్కన స్టార్ పడగానే చదివేవాళ్ళకు సినిమా నటుడు కనిపిస్తాడు, ఆకాశం కనుమరుగవుతుంది. ఇది బాగా కుదిరింది. అర్థం వైపు రూడ్ పెట్టి కలిపితే తొలి రూపు ఇలా వస్తుంది:

రూడ్ పాపులర్ స్టార్ ఇన్ హాస్పిటల్ డిపార్ట్‌మెంట్.

ఆసుపత్రిలో దురుసుగా ప్రవర్తించిన ప్రముఖ నటుడు. వాక్యం హాయిగా ఉంది, క్లూ మాత్రం చెల్లదు. మధ్యలో ఉన్న ఇన్ చూడండి. క్రాస్‌వర్డ్ భాషలో ఇది ఇందులో దూర్చు అన్న ఆజ్ఞ. పూరించేవాళ్ళు సోల్‌ను తీసుకెళ్ళి ఈఎన్‌టీ కడుపులో దూరుస్తారు, జవాబు రాదు. మనకు కావలసింది పక్కపక్కన పెట్టడం. తప్పుదారి పట్టించడం ఈ ఆటలో ధర్మమే, తప్పు చెప్పడం ధర్మం కాదు. సరిచేస్తే:

పాపులర్ స్టార్ ఎట్ హాస్పిటల్ డిపార్ట్‌మెంట్ ఈజ్ రూడ్.

ఎట్ అంటే పక్కన, ఈజ్ అంటే ముక్కలన్నీ కలిస్తే ఈ అర్థం అని. ఇప్పుడు న్యాయంగా ఉంది. అచ్చుకు పంపినా ఎవరూ వేలెత్తి చూపరు. కానీ కాగితం మీద ఇంకా అర్థాలు మిగిలి ఉన్నాయి కదా, వాటినీ ఒకసారి పెట్టి చూడాలి. పెరూ డబ్బు పెడితే ఆసుపత్రి, పెరూ ఒక వాక్యంలో కుదరవు. అంగారకుడి రోజూ అంతే. స్వరం పెట్టి చూస్తే ఒక్కసారిగా తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో స్వరమూ నోట్, చిన్న ఉత్తరమూ నోట్:

రూడ్ ఇన్ నోట్ టు హాస్పిటల్ డిపార్ట్‌మెంట్.

ఆసుపత్రి విభాగానికి రాసిన చీటీలో దురుసు మాటలు. ఎవరో విసిగిపోయిన రోగి కళ్ళ ముందు నిలుస్తాడు. ఇక విప్పి చూడండి. రూడ్ అర్థం. ఇన్ అనేది ఇన్నే, ముసుగు లేకుండా ఉన్నచోటే ఉంది, పైగా అలా ఉండడమే దాని దాపు. నోట్ అంటే సోల్. టు అంటే దానికి తగిలించు. హాస్పిటల్ డిపార్ట్‌మెంట్ అంటే ఈఎన్‌టీ. ప్రతి మాటా రెండు ఉద్యోగాలు చేస్తోంది, పనిలేని మాట ఒక్కటీ లేదు. ముందుదానిలో ఎట్, ఈజ్ అనే రెండు అతుకులు పడ్డాయి. ఇందులో అతుకు ఒక్కటే, అది కూడా ఉత్తరానికి సహజంగా వచ్చే మాట.

నటుడి క్లూ మీద నాకు మమకారం పోలేదు. స్టార్ అన్న మాట సోల్‌ను దాచినంత అందంగా నోట్ దాచలేదు, పైగా నోట్ అంటే ఏ నుంచి జీ వరకూ ఏ స్వరమైనా కావచ్చు, డో రే మీలలో ఏదైనా కావచ్చు, పూరించేవాళ్ళకు దారులు ఎక్కువ. అయినా నేను చీటీ క్లూనే ఉంచుతాను. క్లూను మనం ముక్కలుగా రాస్తాం గాని, చదివేవాళ్ళు దాన్ని ముందు వాక్యంగానే అందుకుంటారు. వాక్యంగా చీటీ క్లూయే మేలు.

పరీక్షలు

మొదటిది మార్పిడి పరీక్ష. అర్థం వైపున్న మాటను తీసి జవాబును అదే వాక్యంలో పెట్టి చూడాలి. రూడ్ రిప్లై అన్నచోట ఇన్సొలెంట్ రిప్లై అనవచ్చు, రెండూ విశేషణాలే. ఇన్సొలెంట్‌లో పెద్దల పట్ల ధిక్కారం ఎక్కువ, రూడ్‌లో మొరటుదనం ఎక్కువ. ఇంపుడెంట్ అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది గాని జవాబు మరీ బయటపడుతుంది, ఉత్తరంలో ఆ మాట అంత సహజంగా రాదు. రూడ్ ఉండనిస్తాను.

రెండోది ఒంటరి జవాబు పరీక్ష. ఈ ఆధారానికి ఎనిమిది అక్షరాల్లో ఇంకో మాట కుదురుతుందా? ఈఎన్‌టీతో అంతమయ్యే పొగరు మాటలు ఇంగ్లిష్‌లో మరికొన్ని ఉన్నాయి. ఇంపుడెంట్ కూడా ఎనిమిది అక్షరాలే, మొదలు ఐ, చివర ఈఎన్‌టీ! కానీ మధ్యలో మిగిలే ముక్క స్వరం కాదు, ముందు వచ్చేది ఇన్ కాదు. విప్పి చూసుకునేవాళ్ళకు చెల్లదని వెంటనే తెలుస్తుంది. ముందూ వెనకా చూడకుండా అర్థాన్ని బట్టి రాసేసేవాళ్ళు ఇక్కడ పడతారు, అడ్డంగా వచ్చే అక్షరం వాళ్ళను లేపుతుంది. ఇలాంటి పక్కదారి ఉండడం క్లూకు బలమే.

మూడోది ఇంకొకరి చేతికివ్వడం. కూర్పరికి జవాబు ముందే తెలుసు గనుక తన క్లూ కష్టం తనకు అంచనా అందదు. పత్రికల్లో ఈ పని సంపాదకుడిది. లేనిచోట గడులు పూరించే స్నేహితులను పట్టుకోవాలి. వాళ్ళు ఎక్కడ ఆగారో అడగాలి, జవాబు చెప్పేశాక ఓహో అన్నారా లేక సరేలే అన్నారా గమనించాలి. సరేలే అంటే మళ్ళీ రాయాల్సిందే.

మూడు గళ్ళ సోల్‌కే విడిగా క్లూ రాయాల్సి వస్తే ఇంత శ్రమ లేదు. విరవడానికి అక్షరాలు చాలవు గనుక రెండు అర్థాలను పక్కపక్కన నిలబెడితే సరిపోతుంది: నోట్ పెరూవియన్ క్యాపిటల్. పెరూ రాజధానిని గమనించు అన్నట్టు వినిపిస్తుంది, చదివినవాళ్ళు లీమా రాయబోతారు, గళ్ళు మూడే ఉంటాయి. నోట్ అంటే స్వరం, క్యాపిటల్ అంటే డబ్బు.

తెలుగు గళ్ళలో సూర్యుడు

శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చిన భాష మనది. మనకు సోల్ లాంటి మాటలు కొదవా? తరణి అంటే సూర్యుడు, పడవ. హంస అంటే సూర్యుడు, పక్షి. ఇనుడు సూర్యుడూ ప్రభువూ. అర్కుడు సూర్యుడైతే అర్కం జిల్లేడు, రథసప్తమి నాడు తల మీద పెట్టుకుని స్నానం చేసే ఆకు. పతంగం సూర్యుడు, పక్షి, దీపం చుట్టూ తిరిగే పురుగు. వీటన్నిటినీ మించింది హరి. అమరకోశంలో నానార్థాల భాగం తెరిస్తే విష్ణువు, సూర్యుడు, చంద్రుడు, ఇంద్రుడు, యముడు, వాయువు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, కిరణం అని వరసగా వస్తాయి.

మన గళ్ళకు లెక్క వేరు. ఒక గడిలో ఒక అక్షరం, గుణింతంతోనూ ఒత్తుతోనూ సహా. సూర్యుడు మూడు గళ్ళు. అందుకే ఇంగ్లిష్‌లో చేసినట్టు మాటను ఎక్కడ పడితే అక్కడ కోయలేం. అరవిందంలో రవి దాక్కున్నాడని అనిపిస్తుంది, సూర్యుడు పొడిస్తే విచ్చే పువ్వులోనే సూర్యుడి పేరు దొరికిందని సంతోషం కలుగుతుంది. గళ్ళలో పెట్టి చూస్తే అ, ర, విం, దం. రవిలోని వికి సున్న లేదు, కాబట్టి రవి అక్కడ లేడు. భారవిలో మాత్రం రవి నిక్షేపంగా ఉన్నాడు. భా అంటే కాంతి. వెలుగుకు సూర్యుడు తోడైతే కిరాతార్జునీయ కవి అని రాయవచ్చు. పారాసోల్‌కు చెప్పిన నియమం గుర్తు చేసుకుంటే ఇదీ నిలవదు. ఆ పేరు పుట్టిందే కాంతి, రవి కలిసి.

హరివిల్లు తీసుకుందాం. హ, రి, వి, ల్లు, నాలుగు గళ్ళు. హరి, విల్లు అని విరుగుతుంది. హరికి సూర్యుడు అని సూచన ఇస్తే ఇంద్రధనుస్సుకు సూర్యకిరణాలే కారణం గనుక జవాబు సగం చెప్పేసినట్టే. విష్ణువు అంటే మరీ సులువు. కోతి అంటే రామాయణం గుర్తొచ్చి విల్లు దానంతటదే వచ్చేస్తుంది. ఆ వరసలో కప్ప మిగిలింది. వానకూ కప్పకూ ఉన్న పొత్తు తెలుగు పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు, వానలు లేకపోతే కప్పకు పెళ్ళి చేసే ఊళ్ళు మనవి. విల్లుకు ధనుస్సు. జవాబుకు అర్థం వెనక చివర పెడదాం:

కప్ప చేతికి ధనుస్సిస్తే నింగిలో ఏడురంగుల వంపు (4).

పెద్దలకు ఇది ఒక్క నిమిషం పని. హరి అంటే కప్ప అని ఎప్పుడూ వినని కుర్రవాళ్ళు అడ్డం, నిలువు అక్షరాల సాయంతో జవాబు పట్టుకుని, కప్ప హరి ఎలా అయిందని నిఘంటువు తీస్తారు. అక్కడ పక్కనే సూర్యుడు కూడా కనిపిస్తాడు.